పగటి నిద్రల పుస్తకం

అక్క పోయిందన్న వార్త నాకు ఒక ఫ్లెక్సీ డిజైన్‌గా వచ్చింది. ఉదయం ఎనిమిదిన్నరకు మా సంస్థ డైరెక్టరు వాట్సాప్‌లో పంపాడు. నీలం రంగు మీద అక్క ఫోటో, తల చుట్టూ వెలుగు, కింద "ప్రజా గొంతుకకు కన్నీటి నివాళి" అని పెద్ద అక్షరాలు. దాని కింద ఆయన మాట: "అక్షర దోషాలున్నాయేమో ఒకసారి చూడు, తొందరగా ప్రింటుకి ఇవ్వాలి." ఫోటో చూసి, నివాళి అన్న మాట చూసి, మళ్లీ ఫోటో చూసి, మనిషి లేదని అప్పుడు అర్థం చేసుకున్నాను. తప్పులు వెతుకుతూనే ఏడ్చాను. అక్షర దోషాలేమీ లేవు. ఆ ఫ్లెక్సీలో ఉన్న తప్పల్లా దాన్ని వేయించినవాళ్లు, వాళ్లలో నేనూ ఒకదాన్ని.

సాయంత్రానికి ఇంకో పని అప్పజెప్పారు. సంస్మరణ సభలో పంచే పుస్తకానికి అర పేజీ రాయాలట. స్ఫూర్తినిచ్చేలా ఉండాలట, పాజిటివ్‌గా ఉండాలట. ఆ అర పేజీ నేను రాయలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను. ఇందులో పాజిటివ్ వెతికితే దొరకదని ముందే చెబుతున్నాను. అది కావాల్సినవాళ్లు ఫ్లెక్సీ దగ్గరికి పోవచ్చు, గోదావరిఖనిలో చౌరస్తా పక్కన ఇంకా వేలాడుతూనే ఉంది.

అక్క ల్యాంప్ రూమ్‌లో పనిచేసి రిటైరైంది. గనిలోకి దిగేవాళ్లు అక్కడ టోకెన్ ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటారు, పైకొచ్చాక దీపం ఇచ్చి టోకెన్ వెనక్కి తీసుకుంటారు. ఆ కిటికీ వెనక ఏళ్ల తరబడి నిలబడిన మనిషి. ఎవరు ఏ షిఫ్టులో దిగారో, ఎవరు ఇంకా పైకి రాలేదో కళ్లు మూసుకుని చెప్పేది. మా నాన్న ఆమెను అక్క అన్నాడు, నేనూ అక్కే అన్నాను. ఆ కాలనీలో మూడు తరాలకూ ఆమె అక్కే.

నేను మొదటిసారి ఆమె ఇంటికి వెళ్లింది ఉద్యోగం మీద. బొగ్గు లారీలు కాలనీ రోడ్డు మీంచి, సరిగ్గా బడి ముందు నుంచి పోయేవి. ఇప్పటికీ పోతున్నాయి. వాటిని ఊరి బయటి రోడ్డుకు మళ్లించాలని అక్క, ఇంకో పదిమంది ఆడవాళ్లు కమిటీ పెట్టుకున్నారు. ఆ కమిటీకి అండగా నిలబడతామని మా సంస్థ ముందుకొచ్చింది. నేను హైదరాబాదులో చదివి, అక్కడే సంస్థలకు ప్రచారాలు తయారుచేసే ఆఫీసులో పనిచేసి, సొంత ఊళ్లో ఏదో పొడిచేద్దామని వచ్చిన మనిషిని. నా కార్డు మీద ప్రచార వ్యూహకర్త అని ఉండేది. అక్క కళ్లద్దాలు పెట్టుకుని ఆ కార్డు రెండుసార్లు చదివింది.

"వ్యూహం అంటె యుద్ధంల పన్నేది గద బిడ్డా. ఎవ్వల మీదికి పోతున్నం మనం?"

నాకామె నచ్చలేదు. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరూ ఆమెను మొదటి చూపులోనే దేవతలా గుర్తుపట్టినట్టు మాట్లాడుతున్నారు. అక్క మొండి మనిషి. పదిమంది ముందు మొహం మీదే తప్పు చెప్పేది. లాప్‌టాప్ తెరిస్తే, "అది మూసి మొకం జూసి చెప్పు" అనేది. నేను టార్గెట్ అన్నానంటే చాలు, కసిరేది: "టార్గెట్ బొగ్గుకుంటది. మనుషులకేం టార్గెట్?"

ఆమె దగ్గర ఒక వంద పేజీల నోటు పుస్తకం ఉండేది. ఎడమ పక్కన క్వార్టర్ల నంబర్లు పెన్నుతో, కుడి పక్కన ఒకటి, రెండు, మూడు అని పెన్సిల్‌తో. ఆ ఇంటాయన ఫస్ట్ షిఫ్టులో ఉంటే ఒకటి, సెకండ్ షిఫ్టు అయితే రెండు, నైట్ షిఫ్టు అయితే మూడు. షిఫ్టులు వారానికోసారి మారతాయి కాబట్టి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే మెట్ల మీద కూర్చుని, పాత అంకెలు రబ్బరుతో చెరిపి కొత్తవి వేసేది. ఒకటో షిఫ్టు ఇంటికి సాయంత్రం ఐదు దాటాక పోవాలి. రెండో షిఫ్టు ఇంటికి పదకొండుకు, పన్నెండుకు మధ్య. రాత్రంతా గనిలో ఉండి పొద్దున వచ్చి పడుకున్న మనిషి ఇంటికి నాలుగు దాటాకే. ఎవరైనా సెలవు పెట్టినా, ఎవరిదైనా షిఫ్టు మారినా అదీ రాసుకునేది.

నేను నవ్వాను. జనంలోకి వెళ్లే పనికి ఇంత చాదస్తం ఏమిటనుకున్నాను. అక్క నవ్వలేదు.

"మాట మంచిగ రాసుడు పెద్ద పని కాదు బిడ్డా. వినేటోడు మేలుకొని ఉన్నప్పుడు పోవుడు పెద్ద పని."

మూడు అంకె ఉన్న ఇళ్ల ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు తీసి చేతిలో పట్టుకునేది. నాలుగు కాకముందే ఆ ఇంట్లో పని పడితే తలుపు తట్టేది కాదు. మెట్టు మీద కూర్చుని, లోపలి నుంచి ఇల్లాలే బయటికి వచ్చేదాకా చూసేది. ఎండ ఎంత ఉన్నా సరే. రామగుండం వైపు ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆమె సంచిలో నీళ్ల సీసా, కొంగుతో తుడుచుకునే కళ్లద్దాలు, ఆ పుస్తకం తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

నేను రాసిన మొదటి కరపత్రం సంగతి చెబుతాను. "పర్యావరణ న్యాయం కోసం గళమెత్తుదాం" అని పైన పెట్టాను. అక్క దాన్ని తీసుకుని మూడిళ్ల అవతల ఉండే కొమురక్క దగ్గరికి నడిచింది, నేను వెనకాల. కొమురక్క భర్త గనిలో దిగే మనిషి. ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. అక్క కరపత్రం పైకి చదివింది. కొమురక్క చాట ఆపి అడిగింది.

"ఎవ్వలకు న్యాయం?"

అక్క కాగితం నా చేతిలో పెట్టింది. "గీ రోడ్డు మీద ఉండేది ఆమె. ఆమెకే తెల్వకపోతె ఇంకెవ్వలకు రాసినవ్?"

తర్వాత కొమురక్కనే అడిగి ఆమె చెప్పినట్టే రాయించింది. లారీలు బడి ముంగట నుంచి పోవద్దు, ఆ మాట ఆఫీసర్ల ముంగట చెప్పుటానికి మీరు రావాలె. అంతే, రెండు ముక్కలు. నేను ఇంటికొచ్చి కోపంతో ఏడ్చాను. ఆ రెండు ముక్కల కరపత్రాన్ని జనం మడిచి జేబులో పెట్టుకోవడం తర్వాత నా కళ్లతో చూశాను. ఈ పనిలో నాకేమన్నా వచ్చిందంటే ఆ చాట ముందు నిలబడ్డ రోజే వచ్చింది. కృతజ్ఞత అనే మాట నాకు వాడబుద్ధి కాదు, ఫ్లెక్సీల మీద అరిగిపోయింది. కానీ ఉన్నది అదే.

లారీల దారి గురించి అధికారులు జనం అభిప్రాయం వింటామన్నారు. శుక్రవారం సాయంత్రం, బడి ఆవరణలో. ఎంతమంది వచ్చి నోరు విప్పుతారన్న దాని మీదే అంతా ఉంది. అక్క, కమిటీ ఆడవాళ్లు పుస్తకం చూసుకుంటూ ఇంటింటికీ, ఆ ఇంటి వేళకు తిరిగారు. వస్తామన్న ఇళ్లకు పుస్తకంలో టిక్కు పెట్టారు. పేజీలకు పేజీలు టిక్కులు. చివరి పనిగా గురువారం మైకు ఆటో తిప్పుదామని నేనన్నాను. అక్క ఒప్పుకుని నా ఫోనులోనే మాట్లాడింది: అన్నలార, అక్కలార, రేపు పొద్దుమీకి బడి కాడికి రాండ్రి.

"కని ఐదు గంటలకే తిప్పాలె," అంది. "గప్పుడు ఒక షిఫ్టోల్లు గనిల ఉంటరు, తతిమ్మోల్లు లేచి ఉంటరు. ఇరువై నాలుగు గంటలల్ల ఎవ్వల నిద్ర చెడని గంట అదొక్కటే."

గురువారం పొద్దున డైరెక్టరు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం పన్నెండింటికి నిధులిచ్చేవాళ్లతో మీటింగ్ ఉందట, అప్పటికల్లా మైకు ఆటో వీడియో కావాలట. "పదింటికి తిప్పేయండి, వెలుతురు కూడా బాగుంటుంది" అన్నాడు. ఆయన ఈ ఊరివాడు కాదు, ఆయన్ను కొంత క్షమించవచ్చు. నేను గని కార్మికుడి కూతుర్ని. నాన్న నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకుంటే అమ్మా నేనూ ఇంట్లో సైగలతో మాట్లాడుకున్నవాళ్లం. కుక్కర్ విజిల్ రాకుండా అమ్మ మూత పట్టుకుని నిలబడేది. అవన్నీ తెలిసిన మనిషిని, "సరే సార్" అన్నాను. అక్కకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని చెప్పలేదు.

పదింటికి అక్క గొంతు ఆ గల్లీల్లో మోగింది. నేను డ్రైవరు పక్కన కూర్చుని ఫోనుతో వీడియో తీస్తున్నాను. మొదటి గల్లీలో తలుపులు తెరుచుకుంటుంటే జనం స్పందిస్తున్నారని సంబరపడ్డాను. బయటికొచ్చిన మొహాలు చూశాక తెలిసింది. ఎర్రటి కళ్లు, నలిగిన లుంగీలు. కొమురక్క భర్త ఆటోకు అడ్డంగా వచ్చి మైకు తీగ పీకేశాడు. నా వైపు చూడలేదు. ఆయనకు నాతో పనే లేదు, వినిపించింది నా గొంతు కాదు.

"గా అక్కకు గూడ మా నిద్ర అక్కర లేకపాయెనా?" అన్నాడు. "దీపాలిచ్చిన మనిషికి తెల్వదా నైట్ షిఫ్టంటె ఏందో? ఇగ రాం, ఏ మీటింగుకు రాం."

నేను ఆటోలోంచి దిగి, ఇది పెట్టింది అక్క కాదు, నేను అని చెప్పి ఉండాలి. అది ఒక్క మాట. ఆ మాట బదులు ఫోను కిందికి దించి, డ్రైవరును పోనిమ్మన్నాను. ఆయన తీగ పీకిన ముక్క కత్తిరించి మిగతా వీడియో పన్నెండులోపు పంపాను.

శుక్రవారం బడి ఆవరణలో కుర్చీలన్నీ ఖాళీ. నైట్ షిఫ్టు వాళ్లు రాలేదు, వాళ్ల కోపం చూసి మిగతావాళ్లూ రాలేదు. అక్క ఒక్కతే లేచి మాట్లాడింది. స్థానికుల నుంచి చెప్పుకోదగ్గ అభ్యంతరాలు లేవని అధికారులు రాసుకుని వెళ్లారు. మా సంస్థ నివేదికలో మాత్రం కాలనీ మొత్తానికీ మా సందేశం చేరిందని ఉంది. మైకు వినిపించిన ప్రతి ఇల్లూ మేము చేరుకున్న ఇల్లేనట. నిద్ర చెడి మమ్మల్ని తిట్టిన ఇళ్లు కూడా అందులోనే లెక్క. ఆ వాక్యం రాసింది నేనే, ఇంకెవరి మీదా తోయను.

ఆ సాయంత్రం అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. తిడుతుందని వెళ్లాను. తిట్టలేదు. రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ మాట్లాడింది.

"ఇంకెవ్వల గొంతన్న పెడితె బాగుండు బిడ్డా. నా గొంతుతోని లేపినవ్."

తర్వాత, నేను అడగకుండానే, ఆమె తన భర్త సంగతి చెప్పింది. ఆయన గనిలో పోయాడని, ఆయన బదులే ఆమెకు ల్యాంప్ రూమ్ ఉద్యోగం వచ్చిందని కాలనీలో అందరికీ తెలుసు. మిగతాది ఎవరికీ తెలియదు.

"ఆ రోజు నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు. మా తమ్ముడు ఊరికెల్లి వచ్చిండు. నేనే లేపిన. ఒక్క గంట మాట్లాడి మల్ల పండుకో అన్న. మల్ల నిద్ర రాలె ఆయినెకు. గట్లనే డ్యూటీకి పాయె. గనిల కన్ను మూతవడ్డదట. పగటి పూట ఒకల్ని లేపుడంటె ఏందో నాకెర్క."

 "నేనే పెట్టిన అని వాళ్లకు చెప్తనక్కా" అన్నాను.

"చెప్పకు. నీ మీద పడ్తరు. రేపటి నుంచి గీ గల్లీలల్ల తిరగాల్సింది నువ్వు. నేను ముసల్దాన్ని, నాదేమున్నది, ఇంట్ల కూసుంట."

"సరే" అన్నాను. అంత తొందరగా నేను ఏ మాటకూ సరే అనలేదు. ఆమె ఔదార్యం అని ఇప్పుడు ఎవరైనా రాస్తే రాయనివ్వండి. నేను మాత్రం నా ఊపిరి ఎంత తేలికైందో గుర్తుంచుకున్నాను. ఈ రెండేళ్లలో నాకు నా మీద పుట్టిన అసహ్యం అంతా ఆ తేలికదనం దగ్గరే మొదలవుతుంది.

ఆ తర్వాత కాలనీ ఆమెకు మొహం చాటేసింది. ఎదురుపడితే పక్కకు చూసేవాళ్లు. కమిటీ చెదిరిపోయింది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని పుస్తకంలో అంకెలు చెరిపి మళ్లీ వేస్తోంది. ఎవరి ఇంటికీ పోనప్పుడు ఇదంతా ఎందుకక్కా అన్నాను.

"సంతకు పోయేటప్పుడు ఏ ఇంటి ముంగట చెప్పులు విడవాల్నో తెల్వాలె గద."

పోయిన నెల కరీంనగర్ దవాఖానలో చేర్చారు. తిరిగి రాలేదు. చర్చి నుంచి సమాధుల దోవలో ఆ రోడ్డు దాటాలి. పెట్టె మోస్తున్నవాళ్లు రోడ్డు పక్కనే ఆగి నిలబడ్డారు, లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఏ ఒక్కటీ ఆగలేదు. పెట్టె మీది తెల్లగుడ్డ బూడిద రంగుకు తిరిగితే ఆమె కోడలు కొంగుతో దులిపింది, దులిపిన చోటే మళ్లీ దుమ్ము పడింది. కాలనీ నుంచి వచ్చినవాళ్లు కొద్దిమంది. కొమురక్క రాలేదు.

డైరెక్టరు మాత్రం వచ్చాడు. అక్కడే నన్ను పక్కకు పిలిచాడు.

"అక్క వాయిస్ నీ దగ్గర ఉండాలి కదా. సభ రోజు ఆటోలో కాలనీ అంతా వినిపిద్దాం. చాలా ఎమోషనల్‌గా ఉంటుంది."

"ఎన్నింటికి సార్?"

"పది అలా."

"మళ్లీ పదింటికేనా?"

"మళ్లీ ఏంటి?" అన్నాడు. నిజంగానే గుర్తు లేదు ఆయనకు. ఒక మనిషి పేరు పోయిన రోజు, ఒక రోడ్డు చేజారిన రోజు, ఆయనకు బాగా వెలుతురున్న వీడియో వచ్చిన రోజు. ఫోను తీసి ఆయన ముందే ఆ రికార్డింగు తుడిచేశాను. అక్క గొంతు ఇక నా దగ్గర లేదు. బాధ లేదా అంటే ఉంది, ఇది రాస్తుంటే ఇంకా ఉంది. మర్నాడు ఉద్యోగం మానేశాను. అందులో గొప్పేమీ లేదు, రెండేళ్ల కిందట చేయాల్సిన పని.

సమాధి దగ్గర నుంచి వస్తుంటే అక్క కోడలు నా చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టింది. లోపల ఆ పుస్తకం, దారంతో కట్టిన పెన్సిల్, అరిగిపోయిన రబ్బరు.

"అత్తమ్మ నీకియ్యమన్నది," అంది.

నాలుగు రోజులు దాన్ని తెరవలేదు. ఐదో రోజు తెరిచి కొమురక్క క్వార్టరు నంబరు వెతికాను. పక్కన రెండు అని ఉంది. సెకండ్ షిఫ్టు అన్నమాట, పదకొండుకు పోతే ఇంటాయన లేచి, తిని, డ్యూటీకి పోయేముందు తీరిగ్గా ఉంటాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ ఒకేసారి చెప్పవచ్చు. చెప్పాల్సిన మాటలు దారంతా అనుకుంటూ వెళ్లాను. తలుపు తట్టాను.

కొమురక్క తలుపు తెరిచి, నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టింది. బయటికొచ్చి వెనకాల తలుపు దగ్గరగా వేసింది.

"మూడో షిఫ్టు," అంది గొంతు తగ్గించి. "గిప్పుడే కన్ను మూసిండు."

అప్పుడు తట్టింది నాకు. అక్క దవాఖానకు పోయి నెల దాటింది. ఆ అంకెలన్నీ ఆమె చివరి ఆదివారంవి. వారానికోసారి మారతాయని తెలిసీ, ఆమె రాసింది కదా అని అలాగే పట్టుకుని వచ్చాను. రెండేళ్ల తర్వాత తప్పు ఒప్పుకోవడానికి వచ్చి, మళ్లీ అదే గుమ్మంలో, మళ్లీ నిద్రపోయే వేళకు తలుపు తట్టాను.

ఇంక వెనక్కి పోలేను. గుసగుసగానే చెప్పాను.

"ఆ రోజు మైకు పెట్టింది అక్క కాదు. ఆమె సాయంత్రం ఐదింటికి పెట్టుమన్నది. పదింటికి తిప్పిచ్చింది నేను. మీ ఆయన తీగ పీకినప్పుడు ఆటోల కూసున్నది నేనే."

 కొమురక్క అరిస్తే బాగుండనిపించింది. అరవలేదు, లోపల మనిషి పడుకున్నాడు.

"రెండేండ్లు," అంది, అంతే నెమ్మదిగా. "ఎదురైతె మొకం తిప్పుకున్న. బతుకమ్మకు పిలువలె. సావుకు గూడ పోలె నేను. ఇప్పుడు చెప్తున్నవా?"

ఆమె తలుపు సందులోంచి లోపలికి ఓసారి చూసింది.

"నాకు చెప్తె కాదు. ఆయినెకు చెప్పు. అక్క ఇట్ల చేసిందని గల్లీ గల్లీ తిరిగి చెప్పింది ఆయినె." లోపలికి పోతూ ఆగింది. "నాలుగింటికి లేస్తడు."

లోపల గడియ పడింది, చప్పుడు లేకుండా. రోడ్డు మీద లారీ పోయింది, కిటికీ రెక్క అదిరింది. నేను చెప్పులు విడిచి పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. రాయి కాలుతోంది. పుస్తకం తెరిచి, ఆ ఇంటి నంబరు పక్కనున్న రెండును, అక్క చేత్తో వేసిన రెండును, రబ్బరుతో చెరిపి, మూడు వేశాను. నాలుగు కావడానికి ఇంకా చాలా పొద్దు ఉంది.